రాయడం నేర్పే పుస్తకాలు ఎప్పుడు తెరవాలి?

బుజ్జికి,
మామయ్య ఆశీస్సులు.

కథలు రాయడం నేర్పే పుస్తకాలుంటే చెప్పమన్నావు. ఉన్నాయి, మంచివే ఉన్నాయి. కాకపోతే ఒక షరతు. ఎంత అధ్వానంగా వచ్చినా సరే, ముందు ఒక కథ చివరిదాకా రాసి పక్కన పెట్టుకో. ఆ తర్వాతే వాటిని తెరువు. చేతిలో సొంత కథ లేకుండా చదివితే అన్నీ నిజమే అనిపిస్తాయి, ఒక్కటీ ఒంటబట్టదు. ఇలాంటి పుస్తకాలు ఒకదాని తర్వాత ఒకటి చదువుతూ, తామూ రాస్తున్నామనే భ్రమలో ఏళ్లు గడిపేసినవాళ్లు నాకు బాగా తెలుసు.

తెలుగులో మొదట వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి 'కథాశిల్పం' చదువు. దానికి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అందులో దృష్టికోణం గురించి చెప్పిన చోట కాస్త ఆగు. కొత్తవాళ్ల కథలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. మొదటి పేజీలో కోడలి మనసులో ఉంటాం, రెండో పేజీకి చెప్పాపెట్టకుండా అత్తగారి మనసులోకి దూకేస్తాం. ఎవరి కళ్లతో చూడాలో తెలియక చదివేవాళ్లు తికమకపడతారు. నీ కథలో ప్రతి పేరా పక్కనా 'ఇది చూస్తున్నదెవరు?' అని పెన్సిల్‌తో రాసుకుంటూ పో. ఎక్కడ గాడి తప్పిందో నీకే దొరుకుతుంది.

ఇంగ్లీషులో అయితే స్టీఫెన్ కింగ్ 'ఆన్ రైటింగ్', 2000లో వచ్చింది. దెయ్యాల కథలు రాసేవాడి దగ్గర నేర్చుకునేదేముంటుందిలే అనుకోకు. అది సగంలో ఉండగానే, 1999లో, రోడ్డు పక్కన నడుస్తుంటే ఆయన్ని వ్యాన్ గుద్దేసింది. సరిగ్గా కూర్చోలేని స్థితిలోనే మళ్లీ మొదలుపెట్టి పూర్తిచేశాడు. రెండో ప్రతి మొదటిదానికన్నా పది శాతం తగ్గాలన్నది ఆయన లెక్క. మనకిది ఇంకా అవసరం. 'కోపంగా అన్నాడు', 'దిగులుగా చూసింది' అని రాసేస్తుంటాం కదా, అన్న మాటలోనే కోపం వినిపిస్తే ఆ 'కోపంగా' దండగ. ముందు వాటిని కొట్టెయ్, పది శాతంలో సగం అక్కడే తగ్గుతుంది. రచయితల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే ఏజెంట్ల గురించి రాసిన భాగం మాత్రం వదిలెయ్. అది అమెరికా సంగతి, మన దగ్గర చాలామంది సొంత డబ్బుతోనే పుస్తకం వేసుకుంటున్నారు.

జర్మన్ భాషా కవి రిల్కే ఉత్తరాల ('లెటర్స్ టు ఎ యంగ్ పోయెట్') గురించి కూడా ఎవరో ఒకరు నీకు చెబుతారు. కప్పుస్ అనే పంతొమ్మిదేళ్ల సైనిక విద్యార్థి తన కవితలు పంపి ఎలా ఉన్నాయని అడిగితే, 1903 నుంచి రాసిన పది ఉత్తరాలవి. అప్పటికి రిల్కేకీ ఇరవయ్యేడేళ్లే! కవితల మంచిచెడ్డల జోలికి పెద్దగా పోకుండా, రాయనివ్వకపోతే చచ్చిపోతావా అని నిన్ను నువ్వు అడుగు అన్నాడు. గొప్ప ఉత్తరాలే, కానీ ఆ ప్రశ్నకి టెన్షన్ పడకు. రాయకపోతే ఎవరమూ చచ్చిపోం. రాస్తే బాగుంటుందని రాస్తాం, అంతే. పత్రికవాళ్లు కథ తిప్పి పంపిన రోజు చదువుకో, ఓదార్పుగా ఉంటుంది.

వీటన్నిటికన్నా ఎక్కువ నేర్పేవి కథలే. కాళీపట్నం రామారావు గారు శ్రీకాకుళంలో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం వెబ్‌సైట్లో పాత పత్రికల కథలు బోలెడున్నాయి. చాసో (చాగంటి సోమయాజులు) కథ ఒకటి తీసుకుని చేత్తో ఎత్తి రాయి. ఆయన ఎక్కడ ఆపాడో, ఏది చెప్పకుండా వదిలేశాడో కంటితో చదివితే జారిపోతుంది, చేత్తో రాస్తే పట్టుబడుతుంది.

కథ పూర్తయ్యాక ప్రింట్ తీసి పోస్టులో పంపు. ఫోన్లో చదవడం నా వల్ల కాదు. పక్కన రాయడానికి మార్జిన్ కాస్త ఎక్కువ వదులు.

మామయ్య