స్కాన్ చేసినంత మాత్రాన రికార్డు అవుతుందా?

ప్రశ్న: మా శాఖలోని పాత ఫైళ్లన్నీ స్కాన్ చేయించాము. అయినా ఎవరైనా ఒక ఉత్తర్వు నకలు అడిగితే వెతకడానికి రోజులు పడుతోంది. ఇక కాగితాలు తీసేయవచ్చా అని పైవారు అడుగుతున్నారు. ఏమని చెప్పాలి?
– రికార్డుల విభాగం ఉద్యోగి

జవాబు: తొందరపడవద్దని చెప్పండి. ఇప్పటికి జరిగింది కాగితాలకు ఫొటోలు తీయించడమే. ఫైల్లో ఉత్తర్వు ఒంటరిగా ఉండదు. దానికి కారణమైన అర్జీ, గుమాస్తా పెట్టిన నోటు, దాని అంచున అధికారి వేసిన పొడి సంతకం, తేదీ, అన్నీ ఒకే ట్యాగుకు గుచ్చి ఉంటాయి. ఆ ట్యాగు విప్పి, పుటలను విడివిడిగా స్కానరులో పెట్టి, ఒక్కొక్కదానికి ‘స్కాన్ 0047’ వంటి పేరు తగిలిస్తే, ఉత్తర్వు మిగులుతుంది గాని అది ఎందుకు వెలువడిందో చెప్పే ఆధారం చెదిరిపోతుంది.

రికార్డుల నిర్వహణకు 2001లో వెలువడి 2016లో సవరణ పొందిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15489, రికార్డు అసలుదై, నమ్మదగినదై, చెక్కుచెదరనిదై, వినియోగానికి వీలైనదై ఉండాలంటుంది. మీ చిక్కు చివరిదానితో. ప్రతి పత్రానికీ ఫైలు సంఖ్య, విషయం, తేదీ, జారీ చేసిన అధికారి హోదా, ముందు వెనుకల పత్రాలతో సంబంధం, అంటే మెటాడేటా, నమోదు చేయించండి. విసుగు పుట్టించే పనే, కానీ ఏ సాఫ్ట్‌వేరూ దీనికి బదులు కాదు. దీర్ఘకాలం ఉంచవలసిన ప్రతులను, ఫాంట్లను కూడా తనలోనే ఇముడ్చుకొనే పీడీఎఫ్–ఏ రూపంలో దాచి, ప్రతిదానికీ హ్యాష్ విలువ, అంటే అందులోని సమాచారం నుంచి కంప్యూటరు లెక్కగట్టే వేలిముద్ర వంటి సంకేతం, లెక్కించి వేరే చోట భద్రపరిస్తే, తరువాత ఒక్క అక్షరం మారినా పోల్చి చూసినప్పుడు బయటపడుతుంది.

కాగితాల సంగతి నిర్ణయించవలసింది స్కానింగు గుత్తేదారు కాదు, ఏ రకం రికార్డును ఎన్నేళ్లు ఉంచాలో తెలిపే మీ శాఖ కాలపరిమితి పట్టిక. అది లేకపోతే ముందు దాన్ని ఆమోదింపజేయండి. తీసేసిన వాటి జాబితానూ శాశ్వతంగా ఉంచండి, ఎందుకంటే ‘ఆ ఫైలు లేదు’ అనడానికీ ‘ఫలానా తేదీన, ఫలానా ఉత్తర్వు ప్రకారం తీసేశాము’ అనడానికీ అడిగినవారి దృష్టిలో చాలా తేడా ఉంది.

బహిరంగ డేటా పేరుతో పోర్టల్లో పట్టికలు పెట్టేటప్పుడూ ఇదే సమస్య ఎదురవుతుంది. అంకె పక్కన దాని మూలమైన ఫైలు సంఖ్య లేకపోతే, ఎవరైనా ప్రశ్నించిన రోజున దాన్ని సమర్థించుకోవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.