స్టీరింగ్ ఆయిల్ తగ్గితే పోయించి ఊరుకోకు

గుంటూరు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మొన్న ఫోనులో నువ్వు చెప్పిన మాట నన్ను వదలడం లేదు. "మలుపు తిప్పేటప్పుడు బండి మూలుగుతోంది పెదనాన్నా, మెకానిక్ పవర్ స్టీరింగ్ ఆయిల్ పోసి పంపించాడు. మళ్లీ తగ్గితే మళ్లీ పోశాడు. పాత బండి కదా, తాగుతుందిలే అన్నాడు" అన్నావు. పిల్లల గోలలో ఆ రోజు వివరంగా చెప్పడం కుదరలేదు. ఇన్నేళ్లు విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపిన వాడిగా ఇప్పుడు చెబుతున్నాను, మనసు పెట్టి చదువు. పవర్ స్టీరింగ్ ఆయిల్‌ను ఏ బండీ తాగదు.

ఇంజిన్ ఆయిల్ సంగతి వేరు. అది కొంత లోపలే కాలి సైలెన్సర్ గుండా పోతుంది. స్టీరింగ్ ఆయిల్‌కు ఆ దారి లేదు. నూనె నిలవుండే డబ్బాలోంచి పంపులోకి, పంపు నుంచి ప్రెషర్ హోస్ అనే గట్టి రబ్బరు పైపు ద్వారా చక్రాలను తిప్పే ర్యాక్‌లోకి, అక్కడి నుంచి రిటర్న్ పైపులో తిరిగి డబ్బాలోకి, అంతే దాని ప్రయాణం. అందులో తగ్గుదల కనిపించిందంటే ఆ నూనె బయటికి వచ్చేసిందన్న మాటే. మెకానిక్‌ను అడగవలసింది "ఎంత పోశావు?" అని కాదు, "ముందు పోసింది ఎక్కడికి పోయింది?" అని. ఆ జవాబు దొరికేదాకా ఆ బండిలో పిల్లల్ని ఎక్కించుకుని దూరం వెళ్లవద్దు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానో విను. టైర్లలో మనం 33 పౌండ్ల గాలి పెట్టిస్తాం. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి పట్టుకున్నప్పుడు ఆ ప్రెషర్ హోస్‌లో ఒత్తిడి అదే కొలతలో 1,000 దాటుతుంది. హోస్ మీద వెంట్రుకంత పగులు వస్తే చాలు, నూనె చుక్కగా కారదు, సన్నని తుంపరగా చిమ్ముతుంది. చాలా బండ్లలో ఈ పైపు ఇంజిన్ నుంచి పొగ బయటికి వెళ్లే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌కు దగ్గరగానే వెళ్తుంది. బరువుతో, ఏసీ వేసుకుని, ఎండలో పరుగెత్తిన బండి మ్యానిఫోల్డ్ 500 డిగ్రీల వేడి కూడా ఎక్కగలదు. నిప్పురవ్వ ఒకటి తోడైతే ఈ నూనె ఆవిరి సుమారు 200 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది. రవ్వ లేకపోయినా, బాగా కాలిన మ్యానిఫోల్డ్ మీద పడితే దానంతట అదే మండవచ్చు. పవర్ స్టీరింగ్ పాడైతే స్టీరింగ్ బరువెక్కుతుంది, చేతులు నొప్పి పుడతాయి, అంతే కదా అని చాలామంది అనుకుంటారు. అసలు ప్రమాదం బానెట్ కింద ఉంటుందని వారికి తోచదు.

ఇది నా భయం మాత్రమే కాదు. 2012లో అమెరికాలో హోండా సంస్థ 2007, 2008 మోడల్ అక్యూరా టీఎల్ కార్లను 50 వేలకు పైగా వెనక్కి పిలిపించింది. బానెట్ కింది వేడికి పవర్ స్టీరింగ్ హోస్ చివికిపోయి, కారిన నూనె పొగను శుభ్రం చేసే, వేడిగా ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పడి పొగ, మంట రావచ్చని వారే చెప్పారు. అవి అప్పటికి నాలుగైదేళ్ల బండ్లే. నీ బండి వయసెంతో నీకు తెలుసు. మన దగ్గర అది రోహిణి కార్తె ఎండల్లో తిరిగిన బండి కూడా.

ఎల్లుండి సెలవన్నావు కాబట్టి ఉదయాన్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు అల్లుడిని పక్కన పెట్టుకుని చూడు. ముందు రోజు రాత్రి బండి ముందు భాగం కింద ఒక పెద్ద అట్టముక్క పరిచి ఉంచు. తెల్లారి దాని మీద మరక ఉంటే ఎటువైపు ఉందో గుర్తు పెట్టుకుని ఫోనులో ఫొటో తియ్యి. ఎర్రగానో, పాతబడి గోధుమ రంగులోనో జిడ్డుగా ఉంటే అది దాదాపు స్టీరింగ్ ఆయిలే. ఆటోమేటిక్ గేర్ బండి అయితే గేర్ ఆయిల్ కూడా కావచ్చు కానీ నీది కాదు. ఏసీ నీళ్లయితే రంగు, జిడ్డు ఉండవు.

తరువాత బానెట్ ఎత్తి ప్రెషర్ హోస్‌ను చూడు. రబ్బరు పైపు చివర ఇనుప గొట్టాన్ని బిగించి నొక్కిన లోహపు తొడుగు ఒకటి ఉంటుంది. పైపులు మొదట ఊరేది సాధారణంగా అక్కడే. పైకి చూస్తే నూనె కనిపించదు, ఆ తొడుగు చుట్టూ మాత్రం దుమ్ము మిగతా చోట్ల కంటే నల్లగా, దట్టంగా, ముద్దగా పట్టి ఉంటుంది. పొడి దుమ్ము గోటితో గీరితే రాలిపోతుంది, నూనె పీల్చిన దుమ్ము గోటికి అంటుకుంటుంది. తెల్లటి గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఇంటి చుట్టుపక్కలే కాస్త దూరం నడిపి, మళ్లీ చల్లారాక తుడిచి చూడు. గుడ్డకు తడి అంటితే పైపు పని అయిపోయినట్టే. ఇంజిన్ ఆడుతుండగా మాత్రం ఎక్కడ కారుతోందా అని వేళ్లతో తడమవద్దు. ఆ ఒత్తిడిలో చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చిన్న గాయంలా కనిపించి వేలు తీసేసే దాకా వెళ్లవచ్చు.

హోస్ పొడిగా ఉంటే రిటర్న్ పైపు క్లిప్పులు, పంపు సీలు, డబ్బా అడుగు చూపించు. ముందు చక్రాల లోపలి వైపు ర్యాక్ చివర్లలో ముడతల రబ్బరు తొడుగులు ఉంటాయి. ర్యాక్ సీలు పోతే నూనె వాటిలోకి చేరి దాక్కుంటుంది, కింద చుక్క కూడా పడదు. మెకానిక్ వాటిని నొక్కి చూస్తే లోపల నూనె ఉందో లేదో తెలిసిపోతుంది. నీ బండి మూలగడానికి మాత్రం నూనె తగ్గి పంపు గాలి పీల్చుకోవడమే కారణమై ఉంటుంది. ఇంజిన్ ఆపి డబ్బా మూత తీస్తే నురగ కనిపిస్తుంది. అలాగే నడిపితే పంపు కూడా పోతుంది.

షెడ్డుకు వెళ్లినప్పుడు కొన్ని విషయాల్లో మొహమాటపడవద్దు. ప్రెషర్ హోస్ స్థానంలో మామూలు రబ్బరు పైపు వేసి రెండు వైపులా క్లిప్పులు బిగించి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ ఒత్తిడికి క్లిప్పు ఆగదు, ఆగినా నాలుగు నాళ్లే. చివరలు మిషనుతో నొక్కిన అసలు హోసే కావాలని చెప్పు. ఆటోనగర్‌లో దొరకని విడిభాగం అరుదు, ఒక రోజు ఆగితే తెప్పిస్తారు. మ్యానిఫోల్డ్ మీద పలుచటి రేకు ఉంటుంది, దాన్ని హీట్ షీల్డ్ అంటారు. పనికి అడ్డం వస్తుందని విప్పి, తిరిగి బిగించకుండా పక్కన పడేయడం నేను ఎన్నోసార్లు చూశాను. నూనెకూ వేడికీ మధ్య ఉన్న అడ్డు అదొక్కటే. బండి తీసుకునే ముందు అది దాని చోట ఉందో లేదో నీ కళ్లతో చూసుకో. ఏ ఆయిల్ పోయాలో డబ్బా మూత మీదో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో రాసి ఉంటుంది, అదే పోయించు. చేతికి అందిందని బ్రేక్ ఆయిల్ పోస్తే స్టీరింగ్ సీళ్లు ఉబ్బి చెడిపోతాయి, ఉన్న లీకుకు తోడు కొత్త లీకులు మొదలవుతాయి. పని అయ్యాక ఇంజిన్ మీద పాత నూనె మిగలకుండా తుడిపించు. లేకపోతే రేపు వచ్చే పొగ పాతదో కొత్తదో నీకు తెలియదు.

మెకానిక్ మీద కోపం పెట్టుకోకు. "ఇప్పటికి సర్దెయ్యి, తరువాత చూద్దాం" అని తొందరపెట్టేది చాలాసార్లు బండివాళ్లే. సర్దవద్దు, చేయమని మనం గట్టిగా అడిగితే పని తెలిసినవాడు చేస్తాడు.

నడిపేటప్పుడు ఒక్క అలవాటు మార్చుకో. మీ అపార్ట్‌మెంట్ కింద ఇరుకులో బండి తిప్పేటప్పుడు స్టీరింగ్ చివరిదాకా తిప్పి అలాగే అదిమి పట్టుకుంటావు, నేను చూశాను. అప్పుడే ఒత్తిడి, నూనె వేడి పూర్తిగా పెరుగుతాయి. చివరికి తగిలిందని తెలియగానే కొద్దిగా వెనక్కి వదులు. సెలవుల్లో అందరూ కలిసి కోటప్పకొండ వెళ్తామన్నావు. బండి నిండా మనుషులు, ఏసీ, ఘాట్ రోడ్డు మలుపులు, హోస్‌కు అంతకు మించిన పరీక్ష లేదు. పైపు మార్చకుండా ఆ ప్రయాణం పెట్టుకోవద్దు. పైకి చేరి ఆపగానే అందరూ దిగి గుడికి పరుగెత్తకుండా ఒక్క నిమిషం బండి దగ్గర నిలబడు. ఆపిన వెంటనే గాలి తగలక బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది. పొగ చాలాసార్లు అప్పుడే బయటపడుతుంది.

ఇక మీ మరిది కొనాలనుకుంటున్న చిన్న కారు సంగతి. దానిలో నూనె లేదు, కరెంటు మోటారు స్టీరింగ్, కాబట్టి ఈ బాధ లేదన్నాడట. నూనె బాధ లేని మాట నిజమే. కానీ నిలబడిన చోట స్టీరింగ్ తిప్పితే ఆ మోటారు 50 ఆంపియర్ల దాకా లాగగలదు. ఒక హెడ్‌లైటు బల్బు లాగేది 5 ఆంపియర్లే. అంత కరెంటు వెళ్లే కప్లర్‌లో, అంటే వైర్లు కలిసే ప్లగ్గులో, పిన్ను వదులైనా, తుప్పు పట్టినా అక్కడే వేడి పుడుతుంది. పైగా ఆ లావు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, తాళం తీసేసినా దానిలో కరెంటు ఉంటుంది. అమెరికాలో 2024 సెప్టెంబరులో రహదారి భద్రతా సంస్థ 2021 నుంచి 2023 వరకు వచ్చిన జీప్ రాంగ్లర్, గ్లాడియేటర్ బండ్లు దాదాపు 7.8 లక్షల మీద విచారణ మొదలుపెట్టింది. పవర్ స్టీరింగ్ పంపు కరెంటు కప్లర్ దగ్గర మంటలు లేచాయని ఫిర్యాదులు, అందులో ఎక్కువ భాగం ఇంజిన్ ఆపి ఉంచినప్పుడే.

ఆ కారు విజయవాడ సింగ్‌నగర్ నుంచి వస్తోందని, ధర బాగా తక్కువని విన్నాను. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగినప్పుడు అక్కడ ఎన్ని బండ్లు నీళ్లలో నిలిచిపోయాయో మనందరికీ తెలుసు. అమ్ముకునే వారిని తప్పుపట్టను, ఇళ్లు మునిగిన మనుషులు. కానీ కొనేవాడు తెలిసి కొనాలి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి మడతల్లో బురద గీత ఉందేమో చూడమను. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా, తివాచీ కింద ఒండ్రు ఉందా చూడాలి. బీమా క్లెయిమ్ చరిత్ర అడగాలి. మంచి ఎలక్ట్రీషియన్‌తో బ్యాటరీ తీగ విప్పించి స్టీరింగ్ కప్లర్ ఊడదీయించాలి. ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, పిన్నుల మీద పచ్చటి పొడి ఉన్నా, వైరు తొడుగు గట్టిపడి వంచితే చిట్లినా ఆ బండి వద్దు. ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టి ఉంటే మారు మాట్లాడకుండా తిరిగి రమ్మను. ఎలుకలు కొరికిన వైర్లకు టేపు చుట్టి సరిపెట్టిన బండి కూడా అంతే.

ఏ బండైనా ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో రీకాల్ ఏదైనా ఉందేమో చూడండి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే నిబంధన తెచ్చారు. రీకాల్ కింద చేసే మరమ్మతుకు బండివాళ్ల దగ్గర డబ్బు తీసుకోరు.

దారిలో ఎప్పుడైనా కాలిన నూనె వాసన వచ్చినా, బానెట్ సందుల్లోంచి పొగ కనిపించినా "కాజ టోల్ గేటు దాటాక ఆపుదాం" అనుకోవద్దు. వెంటనే ఎడమకు తీసి ఆపు. బండి పూర్తిగా ఆగాకే తాళం తియ్యి. కదులుతుండగా తీస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది, బ్రేకు గట్టిపడుతుంది. ముందు పిల్లలు, తరువాత నువ్వు, సామాన్లు వదిలేసి ముప్పై మీటర్ల దూరం నడవండి, రోడ్డు వైపు కాదు. 101కి గానీ 112కి గానీ ఫోను చెయ్యి. బానెట్ ఎత్తవద్దు, గాలి తగలగానే మంట ముఖం మీదికి లేస్తుంది. చుట్టూ చేరినవాళ్లు బకెట్లతో నీళ్లు తెస్తారు, నూనె మంట మీద పోయనివ్వకు, మంట నీటితో పాటు పారుతుంది. మంటలార్పే ఒక కిలో ఏబీసీ పౌడర్ సిలిండర్ కొని డ్రైవర్ సీటు దగ్గర బిగించు, డిక్కీలో కాదు. మంట చిన్నదిగా ఉండి, మనుషులందరూ దూరంగా ఉంటేనే అది వాడాలి. మీ బీమా కేవలం థర్డ్ పార్టీ అయితే బండి కాలితే పైసా రాదు, అదీ ఒకసారి చూసుకో.

అట్ట మీద మరక ఫొటో ఎల్లుండే నాకు పంపు. హోస్ మార్పించేటప్పుడు విప్పిన పాత పైపును పారేయవద్దని, నాకు కావాలని వాళ్లకు చెప్పు. ఆదివారం ఇక్కడికి వచ్చేటప్పుడు తెస్తే అది ఎక్కడ పోయిందో చూసి, చివికిపోయిందో, దేనికైనా ఒరుసుకుని తెగిందో చెబుతాను. ఒరుసుకుని తెగి ఉంటే కొత్త పైపుకూ అదే గతి పడుతుంది, దాన్ని పక్కకు లాగి కట్టే బ్రాకెట్ కూడా వేయించాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న