డాక్టర్ సలహా: ఊపిరితిత్తుల్లో బీపీ ఎక్కువట.. థైరాయిడ్ వల్లేనా?

ప్రశ్న: నా వయసు 37. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని పోయినేడు కార్బిమజోల్ ఇచ్చారు. నాలుగు నెలలకే తేలిగ్గా అనిపించి మానేశాను. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం, దడ, సాయంత్రానికి పాదాల వాపు. టీఎస్‌హెచ్ 0.01 వచ్చింది. ఎకోలో ఊపిరితిత్తుల బీపీ 52 అన్నారు. చేతికి చూస్తే మాత్రం 120/80. రెండు వారాలుగా మా వదిన థైరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నాను. క్యాబేజీ మానేయాలా? ఊపిరితిత్తుల బీపీకి ఏ మాత్ర మంచిది?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: క్యాబేజీ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ వదినగారి మాత్రలు ఈరోజే ఆపండి. ఆవిడ పరగడుపున వేసుకునేది బహుశా థైరాక్సిన్ అయి ఉంటుంది. థైరాయిడ్ హార్మోన్ చాలని వాళ్లకు ఇచ్చే మందు అది. మీకు ఉన్న హార్మోనే ఎక్కువైతే, పైనుంచి ఇంకొంత వేసుకుంటున్నారన్నమాట. ఇంట్లో ఇద్దరికీ థైరాయిడ్ ఉందంటే ఇద్దరికీ ఒకటే మందని అనుకోవద్దమ్మా. ఇలా డబ్బా పంచుకుని దడతో వచ్చేవాళ్లను ఓపీలో తరచూ చూస్తుంటాను, చాలా బాధగా ఉంటుంది. టీఎస్‌హెచ్ పరీక్ష ఈ మాత్రలు మొదలుపెట్టక ముందు చేయించారా, తర్వాతా అన్నది డాక్టరుకు తప్పకుండా చెప్పండి. హార్మోన్ ఒంట్లోనే ఎక్కువైనా, మాత్రలతో ఎక్కువైనా టీఎస్‌హెచ్ పడిపోతుంది. కాబట్టి దాన్నిబట్టి రిపోర్టును చదివే తీరు మారుతుంది.

చేతికి చూసే బీపీ వేరు, ఊపిరితిత్తుల్లోని బీపీ వేరు. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాల్లో సగటు పీడనం మామూలుగా 20 దాటకూడదు. మీ ఎకోలోని 52 సగటు కాదు, పై అంకె. అదీ అంచనాయే. అయినా వాపు, ఆయాసం ఉన్నాయి కాబట్టి తేలిగ్గా తీసుకోలేం. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే గుండె ఎక్కువ రక్తాన్ని తోస్తుంది, ఆ నాళాలు కూడా బిగుసుకోవచ్చు. కుడివైపు గుండె అలసిపోతే కాళ్లలో నీరు చేరుతుంది. థైరాయిడ్ అదుపులోకి వస్తే చాలామందిలో కొన్ని నెలల్లో ఈ పీడనం తగ్గుతుంది. మీకూ తగ్గే అవకాశం ఉంది. కానీ మిమ్మల్ని చూడకుండా, కారణం థైరాయిడ్ ఒక్కటేనని నేను చెప్పలేను. గుండె ఎడమవైపు ఉండే మైట్రల్ వాల్వు (కవాటం) జబ్బు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం వంటివి లేవని తేల్చుకోవాలి. దడ ఉంది కాబట్టి ఈసీజీ తప్పనిసరి. అవసరమైతే సన్నని గొట్టం పంపి ఆ పీడనాన్ని నేరుగా కొలిచే క్యాథటర్ పరీక్ష కూడా చేస్తారు.

కార్బిమజోల్ నాలుగు నెలల్లో ఆపడం పొరపాటే. ఒంట్లోని రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ను రెచ్చగొట్టే గ్రేవ్స్ జబ్బయితే సాధారణంగా 12 నుంచి 18 నెలలు వాడాల్సి ఉంటుంది. అలాగని పాత స్ట్రిప్పు వెతికి మళ్లీ మొదలుపెట్టకండి. రక్తకణాలు, లివర్ పరీక్షలు చూసి డోసు నిర్ణయించాలి. మొదలుపెట్టాక జ్వరం, గొంతు నొప్పి వస్తే మాత్ర ఆపి, అదేరోజు సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించి డాక్టరును కలవాలి. తెల్లకణాలు అరుదుగా ప్రమాదకరంగా పడిపోతాయి. దడ తగ్గాలని మెడికల్ షాపులో ప్రొప్రనోలాల్, ఊపిరితిత్తుల బీపీకని సిల్డెనాఫిల్ అడిగి తెచ్చుకోవద్దు. కుడి గుండె బలహీనంగా ఉంటే మొదటిది దెబ్బతీయవచ్చు. రెండోది అందరికీ పనికిరాదు.

గర్భం ఆలోచన ఉంటే ప్రస్తుతానికి వాయిదా వేయండి. ఈ పీడనంతో గర్భం తల్లి ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక క్యాబేజీ. ఉడికించి కూరలా తింటే మీకు ఏమీ కాదు. అయోడిన్ టానిక్కులు, సముద్రపు నాచు పొడులు మాత్రం వద్దు.

ఈ వారంలోనే ఎండోక్రైనాలజిస్టును, కార్డియాలజిస్టును కలవండి. ఎకో రిపోర్టుతో పాటు మీ వదినగారి మాత్రల డబ్బా కూడా తీసుకెళ్లండి. స్పృహ తప్పినా, పడుకుంటే ఊపిరాడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, దగ్గులో రక్తం పడినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.