తుఫాను వస్తుందన్నారు, ఊరు ఖాళీ చేయించారు, చివరికి ఏమీ కాలేదు. అంటే అంచనా తప్పినట్టేనా?

చాలాసార్లు కాదు. మూడు రోజుల ముందు చెప్పే దారి ఒక గీత కాదు, వెడల్పైన ప్రాంతం. అమెరికా హరికేన్ సెంటర్ మ్యాపుల్లో గరాటులా కనిపించే బొమ్మనే తీసుకోండి, తుఫాను కేంద్రం సుమారు మూడింట రెండు వంతుల సార్లు అందులోనే ఉండేలా పాత అంచనాల్లో వచ్చిన తేడాలను బట్టి దాన్ని గీస్తారు, అంటే మిగతాసార్లు బయటికి పోవచ్చు, పైగా అది తుఫాను ఎంత పెద్దదో చూపించదు, కాబట్టి గరాటు బయట ఉన్నాం కదా అని నిశ్చింతగా కూర్చోవడం ప్రమాదం.

చివర్లో తుఫాను వంద కిలోమీటర్లు పక్కకు జరిగితే మీ దగ్గర ఎండ కాస్తుంది, అక్కడ ఇళ్లు కూలతాయి. ఎండ చూసినవాళ్లు ఊరికే భయపెట్టారంటారు. పని పోగొట్టుకుని, పిల్లలతో, సామానుతో తిరిగినవాళ్లకు ఆ కోపం రావడం సహజమే.

దారి అంచనా ఇప్పుడు చాలా మెరుగైంది. బలం సంగతే కష్టం. 2023 అక్టోబరులో ఓటిస్ హరికేన్ ఒక్క రోజులోనే మామూలు తుఫాను స్థాయి నుంచి కేటగిరీ 5కు, అంటే హరికేన్లలో అన్నిటికంటే బలమైన స్థాయికి పెరిగి మెక్సికోలోని అకపుల్కో దగ్గర తీరం దాటింది. కంప్యూటర్ మోడళ్లు దాన్ని ముందుగా పట్టుకోలేకపోయాయి, జనానికి సర్దుకునే టైమే దొరకలేదు. వృథాగా పోయిన హెచ్చరిక కంటే నాకు ఇలాంటిదే ఎక్కువ టెన్షన్.

అందుకే వస్తుందా రాదా అని మాత్రమే అడగకండి. మన ప్రాంతానికి అవకాశం ఎంత, ఉప్పెన ఎంత ఎత్తు రావచ్చు, ఎప్పటికల్లా బయటపడాలి అన్నవి చూడండి, ఆ బులెటిన్ ఎన్ని గంటలకు ఇచ్చారో కూడా.