ఇటలీ పాత రికార్డుల్లో కనిపించే ‘మోంటెనోట్టే’ జిల్లా ఇప్పుడు ఎక్కడుంది?

మ్యాప్‌లో వెతక్కండి, దొరకదు. ఆ జిల్లా బతికిందే తొమ్మిదేళ్లు. 1805లో నెపోలియన్ ఇటలీ వాయవ్య తీరంలోని లిగూరియా ప్రాంతాన్ని ఫ్రాన్స్‌లో కలిపేసుకున్నప్పుడు పుట్టింది, 1814లో ఆయనతోపాటే పోయింది. 1796లో మోంటెనోట్టే కొండల్లో ఆస్ట్రియా సైన్యాన్ని ఓడించాడు కాబట్టి ఆ పేరు. జిల్లా కేంద్రం మాత్రం సముద్రం ఒడ్డున ఉన్న సవోనా.

నేను టొరినోలో చదువుకునేటప్పుడు మా ఇంటి ఓనరు పెద్దావిడ వాళ్ల పూర్వీకుడి జనన రికార్డు వెతకడానికి సాయం చేశాను. కాగితం మీద మోంటెనోట్టే అని చూసి, ముందూ వెనకా ఆలోచించకుండా రైలెక్కి సవోనా వెళ్లిపోయా. అక్కడి ఆఫీసులో ‘ఏ ఊరు?’ అన్నారు. ‘ఆక్వి’ అన్నాను. ‘అది పక్కనున్న పీమోంటే ప్రాంతంలో ఉంది కదా బాబూ!’ అని నవ్వారు.

నా తప్పు అదే. ఆ జిల్లాలో సవోనా, పోర్తో మౌరిజియో, చేవా, ఆక్వి అని నాలుగు డివిజన్లు ఉండేవి. మొదటి రెండూ ఇప్పుడు లిగూరియాలో, మిగతా రెండూ పీమోంటేలో ఉన్నాయి. ఆక్వి అయితే 1805 దాకా ‘ఆస్తి’ అనే పట్టణం కేంద్రంగా ఉన్న తానారో అనే ఇంకో జిల్లాలో ఉండేది. అది మూడేళ్లకే రద్దయింది! కాబట్టి జిల్లా పేరు వదిలేసి, మీ ఊరు ఇప్పుడు ఏ ప్రొవిన్స్‌లో ఉందో చూసి అక్కడ అడగండి.

చివరికి రికార్డు దొరికింది కానీ మొదట గుర్తుపట్టలేదు. మేం వెతికింది జొవాన్ని బత్తిస్తా కోసం, ఫ్రెంచి గుమాస్తా రాసింది జాన్ బతీస్త్ అని. తేదీ ‘10 నివోజ్, 14వ సంవత్సరం’. ఫ్రెంచి విప్లవకాలంలో పెట్టిన క్యాలెండర్ లెక్క అది, నివోజ్ అందులో ఒక నెల, మన లెక్కలో 1805 డిసెంబర్ 31. మర్నాటి నుంచి ఆ క్యాలెండరే రద్దు. 1806 నుంచి మామూలు తేదీలే ఉంటాయి, టెన్షన్ లేదు.

సవోనా ప్రయాణం పూర్తిగా దండగ కాలేదు లెండి. పోప్ ఏడవ పయస్‌ను నెపోలియన్ 1809 నుంచి 1812 దాకా బంధించి ఉంచిన బిషప్ భవనం అక్కడే, కేథడ్రల్ పక్కనే ఉంది. నెపోలియన్ పెట్టిన బిషప్‌లను ఆమోదించనని పోప్ భీష్మించుకు కూర్చుంటే, ఆయన్ని కనిపెట్టుకుని ఉండే పని ప్రీఫెక్ట్ షబ్రోల్‌ది. ప్రీఫెక్ట్ అంటే మన కలెక్టర్ లాంటివాడు. రోడ్లూ పన్నులూ చూసుకుంటూనే ఈ కాపలా! తర్వాత షబ్రోల్‌ను ఏకంగా పారిస్‌కు ప్రీఫెక్ట్‌ను చేశారు.

మీ కాగితంలో ఊరి పేరు ఏముందో రాయండి, ఎక్కడ అడగాలో చూద్దాం.