పాత కాలనీలో పాత ఇల్లు: స్థలం రేటు సరే, గోడల రేటు ఎంత?

హైదరాబాద్ వనస్థలిపురంలో 180 గజాల్లో 1992లో కట్టిన ఇల్లు, కింద డబుల్ బెడ్‌రూమ్, మేడ మీద ఒక గది. గజం 75 వేల లెక్కన స్థలానికి కోటీ 35 లక్షలు, ఇంటికి ఇంకో 15 లక్షలు, మొత్తం కోటిన్నర అడుగుతున్నారు, పెట్టొచ్చా అనే కదా మీ ప్రశ్న. మేం కూడా అటువైపే, ఎన్జీవోస్ కాలనీకి దగ్గర్లో ఇలాంటి పాత ఇల్లే కొనుక్కుని ఉంటున్నాం, కొనేముందు బోలెడు ఇళ్లు ఎక్కి దిగాం కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

ఇలాంటి కాలనీల్లో బ్రోకర్లంతా ఒకటే పాట పాడతారు, "స్థలానికే రేటు సార్, ఇల్లు ఫ్రీ" అని. ఓనర్లేమో ఆ ఇల్లు ఎంత ముచ్చటపడి కట్టుకున్నారో, టేకు ఎక్కణ్నుంచి తెప్పించారో చెప్పి దానికి వేరే రేటు వేస్తారు. రెండూ పట్టించుకోకండి. ఆ ఇంట్లో పెద్ద ఖర్చు లేకుండా మీరు ఎన్నేళ్లు ఉండగలరు, అన్నేళ్లకీ మీకు మిగిలే అద్దె ఎంత, అందులోంచి చేరేముందు చేయించాల్సిన రిపేర్లు తీసేస్తే ఏం మిగులుతుంది, ఆ మిగిలిందే ఆ గోడలకి రేటు. మీరు ఇప్పుడు 18 వేలు అద్దె కడుతున్నా అన్నారు, అంటే ఏడాదికి 2 లక్షల 16 వేలు, ఎనిమిదేళ్లు ఉంటే 17 లక్షల పైమాట. రిపేర్లకి 8, 9 లక్షలు అవుతాయనుకుంటే మిగిలేది 8 లక్షలు. రెండేళ్లలో కూలగొట్టి కట్టుకునే ఉద్దేశమే ఉంటే మాత్రం ఇంటికి రూపాయి కూడా వేరేగా ఇవ్వక్కర్లేదు.

కాబట్టి ఎనిమిదేళ్లు ఉండగలమా లేదా అన్నదే అసలు ప్రశ్న. దానికి ఇల్లు చూసేటప్పుడు హాల్లో సోఫాలో కూర్చుని టీ తాగి వచ్చేస్తే లాభం లేదు. మా మామయ్యగారు ఆర్‌ అండ్ బీలో (రోడ్లు, భవనాల శాఖలో) చేసి రిటైర్ అయ్యారు, ఆయన ఏ ఇంటికి వెళ్లినా ముందు నేరుగా బాత్రూమ్‌లోకి వెళ్లేవారు, చూసేవాళ్లు ఏమనుకుంటారో అని నాకు మొహమాటంగా ఉండేది. చిన్న సుత్తి ఒకటి జేబులో, దాంతో బాత్రూమ్ స్లాబ్ కింద, వంటింటి సన్‌షేడ్ కింద మెల్లగా కొడుతూ పోయేవారు, గట్టిగా ఉన్నచోట టంగుమని వస్తుంది, లోపల ఊచలు తుప్పు పట్టి సిమెంటు వదిలేసినచోట బోలుగా వినిపిస్తుంది, తేడా ఎవరికైనా తెలిసిపోతుంది. ఒకచోట ఇల్లంతా పాత సున్నమే ఉంది గానీ ఒక బెడ్‌రూమ్‌లో మాత్రం కొత్తగా పీవోపీ సీలింగ్ వేసి లైట్లు పెట్టారు. ఆయన లైటు బిగించిన కంతలోంచి టార్చ్ వేసి చూస్తే పైన స్లాబ్ పెచ్చులు ఊడి ఊచలు బయటికే కనిపిస్తున్నాయి, ఎర్రగా తుప్పు పట్టి అగరుబత్తి పుల్లల్లా అయిపోయాయి. ఆ ఇంటి గురించి మళ్లీ మాట్లాడుకోలేదు. అందుకని, ఇంట్లో ఒక్క గోడకో ఒక్క గదికో మాత్రమే కొత్త రంగు ఉంటే అక్కడే ఎక్కువసేపు నిలబడండి.

రెండోది పిల్లర్లు. అప్పట్లో చాలా ఇళ్లు పిల్లర్లు లేకుండా 9 అంగుళాల గోడల మీదే స్లాబ్ వేసి కట్టేశారు, ఉండటానికి వాటికేం ఢోకా లేదు, కానీ పైన ఇంకో రెండు ఫ్లోర్లు వేసుకోవచ్చని అమ్మేవాళ్లు చెప్తే నమ్మొద్దు. మేడ మీదకెళ్లి పిల్లర్ ఊచలు పైకి వదిలారో లేదో చూడండి, వదిలినా ముప్పై ఏళ్లు వానకి తడిసిన ఊచలకి అతుకు పెట్టి కట్టొచ్చో లేదో స్ట్రక్చరల్ ఇంజనీర్ చెప్పాలి, మేస్త్రీ కాదు. అలాగే వైరింగ్, పైపులు. జీఐ (పాతకాలం ఇనుప) పైపులుంటే అన్నీ మార్చేయడమే, వైరింగ్‌కి ఎర్తింగ్ ఉందో లేదో, వైర్లు లోడుకి సరిపోతాయో లేదో ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్లి చూపించండి, ఏసీ గీజరు రెండూ కలిపి వేస్తే తట్టుకోవాలి కదా. గుమ్మాల కింద భాగం వేలితో నొక్కి చూడండి, చెద ఉంటే లోపలికి పోతుంది.

ఇంకోటి, చాలామంది చూడనిది, రోడ్డు లెవెల్. ఈ పాత కాలనీల్లో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు, కింద తవ్వకుండానే, దాంతో ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లే ఇళ్లు ఇప్పుడు గేటు దగ్గర దిగి వెళ్లాల్సి వస్తోంది. మీరు చూసిన ఇల్లు గేటు దగ్గర దిగుతుందా ఎక్కుతుందా? దిగేదైతే వాన నీళ్లు ఒక్కటే కాదు, డ్రైనేజీ నిండినప్పుడు బాత్రూమ్‌లోంచే ఎగదన్నుతుంది. 2020 అక్టోబర్ వానల్లో హయత్‌నగర్, సరూర్‌నగర్, మీర్‌పేట వైపు ఏమైందో అందరికీ గుర్తే, అప్పుడు ఆ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయని అమ్మేవాళ్లని అడక్కండి, వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్నో కిరాణా కొట్టావిడనో అడగండి. కృష్ణా నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, ఎండాకాలం బోరు ఎండిపోతుందా, ట్యాంకర్లు కొనాల్సి వస్తుందా, ఇవీ వాళ్లే నిజం చెప్తారు.

కాగితాల సంగతి లాయర్‌కి ఇవ్వాల్సిందే, అయినా మీరు చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా, 1983 నుంచి ఆన్‌లైన్‌లోనే వస్తుంది, మొత్తం తీయండి, దానికి ముందు లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకుముందు చేతులు మారిన పత్రాలు, అమ్మేవాళ్ల దగ్గర ఒరిజినల్స్ ఉన్నాయా చూడండి. ఆ స్థలం సర్వే నంబరు నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ చేయకూడదన్న భూముల జాబితా) ఉందేమో తప్పకుండా చూడాలి, ఎల్బీ నగర్ వైపు కొన్ని కాలనీలు ఇందులో ఇరుక్కుని ఏళ్ల తరబడి రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి, 2022లో జీవో 118 ఇచ్చి గజానికి 250 రూపాయలు కట్టించుకుని రెగ్యులరైజ్ చేసుకునే వీలు కల్పించారు. మీది అలాంటిదైతే ఆ పని పూర్తయిన కాగితం చేతిలో పెట్టమనండి, "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటే కుదరదు. 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసేదాకా ఎల్బీ నగర్ వేరే మున్సిపాలిటీ కాబట్టి పాత ప్లాన్ కాపీ దొరకడం కాస్త కష్టమే, కానీ దొరికితే ఆ మేడ మీద గది ప్లాన్‌లో ఉందో తర్వాత ఎక్కించిందో తెలుస్తుంది.

ఓనర్‌గారు కాలం చేశారు, కొడుకు అమెరికాలో ఉన్నాడు అని రాశారు. ఇక్కడే జాగ్రత్త. ఆయన సొంతంగా కొన్న ఆస్తి, వీలునామా లేకపోతే భార్యకీ కొడుకులకీ కూతుళ్లకీ అందరికీ సమాన వాటా, "అక్కలకి పెళ్లిళ్లప్పుడే ఇచ్చేశాం" అనే మాట సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చెల్లదు, వాళ్లందరి సంతకాలూ కావాలి. ఎన్నారై వాటాకి టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకుని కట్టే ట్యాక్స్) కూడా మామూలు ఒక శాతం కాదు, చాలా ఎక్కువ, అది కట్టించే బాధ్యత కొనేవాళ్లదే కాబట్టి ఒక సీఏని ముందే కలవండి.

డబ్బు విషయానికొస్తే, బ్యాంకు వాళ్ల వాల్యూయర్ ముప్పై ఏళ్లు దాటిన ఇంటికి బాగా తరుగుదల తీసేస్తాడు. కోటీ 20కి వాల్యూ చేశాడనుకోండి, 75 లక్షలు దాటిన లోన్‌కి 75 శాతమే ఇస్తారు కాబట్టి 90 లక్షలొస్తుంది. మిగతా 60, దాని మీద రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం అంటే ఇంకో 11 లక్షల పైన, మీ చేతి నుంచే. అమ్మేవాళ్లు కొంత క్యాష్ ఇమ్మంటే లోన్ ఇంకా తగ్గుతుంది, పైగా స్థలం లావాదేవీలో 20 వేలు దాటిన క్యాష్‌కి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల పెనాల్టీ ఉంది, వద్దని ముఖం మీదే చెప్పేయండి.

ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్‌కి మెట్రో వస్తుందని దానికీ రేటు కలుపుతారు. అది ప్రతిపాదన మాత్రమే, ఇంకా పట్టాలు పడలేదు, దానికి మీరెందుకు ఇవ్వాలి? వీధిపోటు ఉంటే మాత్రం మీకు నమ్మకం లేకపోయినా బేరానికి వాడుకోండి, రేపు మీరు అమ్మేటప్పుడు ఎదుటివాళ్లు వాడకుండా ఉండరు.

నేనైతే ముందు అదే వీధిలో ఈ మధ్య రిజిస్టర్ అయిన ఒకటి రెండు ఇళ్లు అసలు గజం ఎంతకి తెగాయో కనుక్కుంటా. 75 వేలే నిజమని తేలితే, స్లాబ్ బాగుంటే, రోడ్డు కంటే ఎత్తులో ఉంటే కోటీ 38 దగ్గర మొదలుపెట్టి కోటీ 43 దాకా వెళ్తా. బాత్రూమ్ స్లాబ్ బోలుగా మోగితే స్థలం రేటు మీద ఒక్క రూపాయి ఎక్కువ పెట్టను.