వీపీఎన్ తీసేస్తే మా అబ్బాయి ఉద్యోగం పోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఐటీ హెల్ప్‌డెస్క్‌లో ఏడాదిన్నరగా పనిచేస్తున్నాడు. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులకు వీపీఎన్ (ఇంటి కంప్యూటర్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌తో కలిపే రక్షిత దారి) కలవకపోతే సరిచేయడం, పాస్‌వర్డ్‌లు రీసెట్ చేయడం అతని పని. కంపెనీ ఇప్పుడు ‘జీరో ట్రస్ట్’కు మారుతోందట. వీపీఎన్ పోతే తన పనీ పోతుందని దిగులు పడుతున్నాడు. ఉద్యోగం మానేసి లక్షన్నర ఫీజు కట్టి ఎథికల్ హ్యాకింగ్ (అనుమతితో కంప్యూటర్ వ్యవస్థల్లో లోపాలు వెతికే పని) కోర్సులో చేరతానంటున్నాడు. చేర్పించమంటారా?
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: వద్దండీ. ఉద్యోగం మాన్పించకండి, ఆ లక్షన్నర ఇప్పుడే కట్టకండి. మీ అబ్బాయి చిన్నదనుకుంటున్న పని, ఈ మార్పు వచ్చాక మరింత ముఖ్యమవుతుంది.

వీపీఎన్ పాత పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. ఊరి పొలిమేరలో ఒక్కసారి తనిఖీ చేసి, ఆ తర్వాత ఏ ఇంట్లోకైనా వెళ్లనిచ్చినట్టు ఉంటుంది. 2021 మే నెలలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ సంస్థ మీద దాడి చేసినవాళ్లు, వాడకంలో లేని ఒక పాత వీపీఎన్ ఖాతా పాస్‌వర్డ్‌తోనే లోపలికి వచ్చారు. ఆ ఖాతాకు పాస్‌వర్డ్ తప్ప రెండో తనిఖీ లేదు. ఇంధన సరఫరా రోజుల తరబడి ఆగింది, సంస్థ దాడి చేసినవాళ్లకు 44 లక్షల డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లించింది.

జీరో ట్రస్ట్ అనే ఆలోచనను భద్రతా విశ్లేషకుడు జాన్ కిండర్వాగ్ 2010లోనే ముందుకు తెచ్చారు. 2009లో తనపై జరిగిన దాడి తర్వాత గూగుల్ తన ఉద్యోగుల కోసం బియాండ్‌కార్ప్ పేరుతో ఇలాంటి ఏర్పాటే చేసుకుంది. 2020లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దీనికి ఒక పత్రం రూపొందించింది. జీరో ట్రస్ట్‌లో, ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్నంత మాత్రాన ఎవరినీ నమ్మరు. అడుగుతున్నది ఎవరు, ఏ ల్యాప్‌టాప్ నుంచి, అందులో అప్‌డేట్లు ఉన్నాయా, ఈ అప్లికేషన్‌తో ఆ ఉద్యోగికి పని ఉందా అని ప్రతిసారీ చూసి, ఆ ఒక్క అప్లికేషన్‌కే దారి ఇస్తారు. అంటే భద్రత బరువు ఎక్కువగా ఉద్యోగి గుర్తింపు మీద పడుతుంది. ఆ గుర్తింపును రీసెట్ చేసే కుర్చీలో కూర్చున్నది మీ అబ్బాయే.

దాడి చేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. 2023 సెప్టెంబరులో అమెరికాలోని హోటళ్లు, క్యాసినోల సంస్థ ఎంజీఎం రిసార్ట్స్ మీద జరిగిన దాడిలో, ఉద్యోగిలా నటిస్తూ హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసి లోపలికి చొరబడ్డారని వార్తలు వచ్చాయి. నష్టం సుమారు 10 కోట్ల డాలర్లని ఆ కంపెనీయే లెక్కగట్టింది. అందుకే ఫోన్‌లో మాట్లాడుతున్నది నిజంగా ఆ ఉద్యోగేనా అని నిర్ధారించుకోకుండా రీసెట్ చేయకూడదన్న పట్టుదల ఉన్న కుర్రాడు కంపెనీకి ఎంతో విలువైనవాడు. ఈ మాట మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి.

ఇక చదువు. మొదట నెట్‌వర్కింగ్ గట్టిపడాలి: ఐపీ చిరునామాలు, రూటింగ్, డీఎన్‌ఎస్, టీఎల్‌ఎస్. సీసీఎన్‌ఏ (సిస్కో సంస్థ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) సిలబస్ పట్టుకుంటే చాలు, సాధన కోసం సిస్కో ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. తర్వాత గుర్తింపు వ్యవస్థలు: సింగిల్ సైన్ ఆన్ (ఒకే లాగిన్‌తో అనేక అప్లికేషన్లు) ఎలా నడుస్తుంది, అందుకు వాడే శామ్ల్, ఓపెన్ ఐడీ కనెక్ట్ పద్ధతులు ఏమిటి, షరతులతో ప్రవేశం ఎలా ఇస్తారు, పాస్‌కీలు (పాస్‌వర్డ్‌కు బదులు వాడే డిజిటల్ తాళంచెవులు) ఎందుకు మెరుగు. ఈ చివరిది లోతుగా చదవమనండి. 2022లో ఊబర్ మీద దాడి చేసినవాళ్లు అక్కడి ఒక కాంట్రాక్టర్ ఫోనుకు లాగిన్ అనుమతి అభ్యర్థనలు వరుసగా పంపి, చివరికి ఒకదానికి సరే అనిపించారు. పాస్‌కీ ఉంటే అలా విసిగించి సరే అనిపించే వీలుండదు. కీక్లోక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను సొంత ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, ఒక చిన్న వెబ్‌సైటుకు లాగిన్ తయారుచేసి చూడమనండి. ఇంటర్వ్యూలో ‘నేను చేశాను’ అని చూపించగలిగితే సర్టిఫికెట్ కంటే బలంగా పనిచేస్తుంది.

లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటర్లు నమోదుచేసే చిట్టాలు, చదవడం కూడా రావాలి. మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనలను తెలిసిన 6 గంటల్లోగా నివేదించాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. ఆ లాగ్‌లలో తేడాను పట్టుకునే మనిషి ప్రతి కంపెనీకీ కావాలి.

ఎథికల్ హ్యాకింగ్ చెడ్డ చదువేమీ కాదు. కానీ ఆ ఉద్యోగాల్లో చాలావాటికి అనుభవం అడుగుతారు. పునాది లేకుండా టూల్స్ నేర్పే కోర్సుకు అంత ఫీజు దండగని నా అభిప్రాయం. రెండేళ్ల తర్వాత ఇష్టం ఉంటే అప్పుడు చేరవచ్చు. అప్పటికి ఏది నేర్చుకోవాలో అతనికే తెలుస్తుంది.

ఒక్క విషయం ముందే తెలుసుకోండి. భద్రతా విభాగాల్లో రాత్రి షిఫ్టులు సాధారణం. ఆరోగ్యం, నిద్ర గురించి ఇంట్లో మాట్లాడుకున్నాకే అటు వెళ్లాలి. గుర్తింపు నిర్వహణ, అంటే ఐఏఎం విభాగంలో ఆ ఒత్తిడి కొంత తక్కువగా ఉండవచ్చు.

వీపీఎన్ రాత్రికి రాత్రే పోదు. చాలా కంపెనీల్లో కొన్నాళ్లపాటు రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఆ మార్పు పనిలో తనను చేర్చమని మేనేజరును ఈ వారమే అడగమనండి. ఏ విభాగానికి ఏ అప్లికేషన్లు అవసరమో జాబితా రాసే పని ఇచ్చినా సరే, కాదనకుండా తీసుకోమనండి.